తాడు పట్టిన చెయ్యి

ఆదివారం భోజనాలయ్యాక మేనమామా మేనకోడలూ తువ్వాలు చెరో కొసా పట్టుకుని బలపరీక్షకు దిగారు. మేనకోడలు లిఖిత ఒకటో తరగతి. మేనమామ దేముడు విశాఖ రేవులో నీటి అడుగున పనిచేసేవాళ్ళకి పైనుంచి తాడు పట్టే మనిషి. పిల్ల మెల్లగా లాగినంతసేపూ అతను ఓడిపోతున్నట్టు మూలిగాడు, ముందుకు తూలాడు, దాన్ని కిలకిలా నవ్వించాడు. ఆ నవ్వులో నవ్వుగా అది ఒళ్ళంతా వెనక్కి వేసి ఒక్క గుంజు గుంజింది. దేముడి చెయ్యి ఠక్కున తెరుచుకుంది. పిల్ల వెల్లకిలా పడింది, తల గడపకు తగిలి బొప్పి కట్టింది.

వంటింట్లోంచి గౌరీశ్వరి పరుగెత్తుకొచ్చింది. పిల్లని ఎత్తుకుని, బొప్పి మీద చీరచెంగు అదుముతూ తమ్ముడి మీద లేచింది.

"బుద్ధుందట్రా నీకు? చిన్నపిల్లతో ఆడేటప్పుడు అలా వదిలేస్తారా ఎవరైనా?"

"నేను వదల్లేదక్కా."

"మరి తువ్వాలుకి కాళ్ళొచ్చాయా?"

దేముడు నవ్వలేదు. కుడిచేతిని ఇటూ అటూ తిప్పి, సంతలో కొన్న వస్తువుని ఇంటికొచ్చాక చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు. "పట్టుకోవాలనే ఉన్నాను. ఆ గుంజుకి అదే తెరిచీసుకుంది," అన్నాడు. పిల్ల ఏడుపు తొందరగానే ఆగింది గానీ తల్లి గౌరికి మాత్రం ఆ రోజంతా కాలు ఒకచోట నిలవలేదు.

ఎందుకంటే ఆ చెయ్యి దేముడిదే అయినా అందులోని పనితనం దేముడిది కాదు, ఎర్రన్న మేస్త్రిది.

గౌరి పనిచేసే పరిశోధనశాలలో దాన్ని నాడీప్రతి అంటారు. రేవులో అంత పెద్ద మాట ఎవరికీ నోరు తిరగదు, 'చెయ్యి ఎక్కించుకోవడం' అంటారు. మోచేతిదాకా వచ్చే ఒక తొడుగు. పనిమంతుడు దాన్ని వేసుకుని తన పని తాను చేసుకుపోతుంటే, ఏ నరం ఎప్పుడు బిగిసిందో ఎప్పుడు సడలిందో అది రాసుకుంటుంది. ఆ రాతని కొత్తవాడి తొడుగులో పెడితే, వాడు సాధన చేసేటప్పుడు అవే నరాలను సన్నగా తడుతూ దారి చూపిస్తుంది. ఒక వానాకాలం గడిచేసరికి పాతవాడి ఒడుపు కొత్తవాడికి పట్టుబడుతుంది, ఆ తర్వాతా పనిలో తొడుగు చేతికే ఉంటుంది. రేవు నీళ్ళలో చాచిన చెయ్యి చాచినవాడికే కనబడదు. నీళ్ళలో ఉన్నవాడితో మాట్లాడే ఫోను తీగ తెగిందంటే అతని ప్రాణం తాడులోనే ఉంటుంది. అతను అలిసిపోయాడా, చిక్కుకున్నాడా, భయపడ్డాడా అన్నది తాడు వణుకులో చదవగలిగిన చెయ్యి ఎర్రన్నది. అందుకే ఆయన చెయ్యి ఇద్దరికి ఎక్కించారు. ఆ ఇద్దరి చేతుల నుంచి ఇంకొందరికి, వాళ్ళ నుంచి మరికొందరికి, తూర్పు తీరమంతా నలభైమందికి పైగా ఎక్కింది.

ఎవరి చెయ్యి ఎవరి నుంచి వచ్చిందో, మధ్యలో ఏం మారిందో చెప్పే వంశవృక్షం గౌరి చూసే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఎర్రన్న చెయ్యి మొదలు, మిగతావి కొమ్మలు. మొదలు మీద ఒక గమనిక రాస్తే చాలు, కింద ప్రతి కొమ్మకీ అది వర్తిస్తుంది, ప్రతి కొమ్మ మీదా కనబడుతుంది. తాత ఆస్తి మనవడికి దఖలుపడినట్టే. 'ఈ చెయ్యి చలికి తొందరగా కొంకర్లు పోతుంది' అని పరిశోధనశాల డాక్టర్ శారదాంబ మొదలు మీద రాస్తే, ఎర్రన్నని ఎన్నడూ చూడని కుర్రాడి తొడుగు మీద కూడా అది వెలుగుతుంది.

రెండేళ్ళ కిందట ఎర్రన్న మేస్త్రి గౌరి బల్ల ముందుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"డాక్టరమ్మగారు పరీచ్చ సేసి నా సేతి మీద ఏదో రాసినారు తల్లీ. అది ఎవులికీ కనబడకూడదు. నీక్కూడా కనబడకూడదు. నాను సెయ్యి ఇచ్చేను గానీ బతుకు ఇవ్వలేదు గదా."

ఆ మాట గౌరికి న్యాయంగా తోచింది. మాటిచ్చింది. ఒక నియమం రాసింది: మొదలుని చూసే హక్కు లేనివాడికి, మొదలు మీద మూసిన గమనిక కొమ్మ మీద కూడా కనబడదు. ఒక్క చిక్కు మిగిలింది. కనబడని గమనిక స్థానంలో ఏం చూపించాలి? 'ఇక్కడ మూసిన గమనిక ఉంది' అంటే నలభైమందీ ముసలాయన వెంటపడతారు. బాగా ఆలోచించి, 'గమనికలు లేవు' అని చూపించింది. తొడుగు మీద పచ్చలైటు వెలిగేలా చేసింది. తాళం ఉందన్న సంగతే తెలియని తాళం అని శారదాంబగారు మెచ్చుకున్నారు. గౌరి కూడా కాస్త గర్వపడింది. లోపల ఏముందో చదవకుండానే తలుపు మూసిన మనిషికి అంత గర్వం ఎందుకో ఆవిడకే తెలియాలి.

ఇప్పుడు పిల్లని పడుకోబెట్టి లాప్‌టాప్ తెరిచింది. దేముడి చెయ్యి, పక్కన పచ్చచుక్క, కింద 'గమనికలు లేవు'. అది నిజంగా లేకపోవడమో, ఉండి మూసేయడమో తనకీ తెలియదు. రెంటికీ ఒకే ముఖం తగిలించింది తనే మరి.

"ఒరే, ఈసారికి వెళ్ళకురా," అంది.

దేముడు అప్పటికే సంచి సర్దుకుంటున్నాడు. గౌరి భర్త సూరిబాబు నిన్ననే పనిపడవ మీద సముద్రంలోకి వెళ్ళాడు. ఒడ్డుకి దూరంగా ఆగిన ఓడ అడుగున తిరిగే పంకా చుట్టూ పాత వల పెనవేసుకుంది, రేపు పొద్దున్నే సూరిబాబు నీళ్ళలోకి దిగి దాన్ని కోయాలి. దేముడు సాయంత్రం పడవలో వెళ్ళి కలవాలి.

"నేను ఎల్లకపోతే బావ తాడు ఎవడు పడతాడే?"

"ఇంకెవరైనా."

"ఇంకెవరైనానా? నీ మొగుడి తాడు ఊళ్ళోవాడి చేతికిస్తావా?"

బావ బతుకు కోరేవాడు బావమరిది అని లోకంలో సామెత. రేవులో మాత్రం అది కట్టుబాటు. నీళ్ళలోకి దిగేవాడి తాడు వాడి పెళ్ళాం అన్నదమ్ముడే పట్టాలి, ఎందుకంటే తోబుట్టువు పసుపుతాడు తెగాలని ఎవడూ కోరుకోడు. గౌరికి సంబంధం చూడటానికొచ్చినప్పుడు సూరిబాబు వైపు పెద్దలు పెళ్ళికూతురిని ఒకసారి చూసి, పెళ్ళికూతురి తమ్ముడి భుజాలు రెండుసార్లు చూశారు. ఆ ముచ్చట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

"ఇందాక నీ చెయ్యే నీ మాట వినలేదని నువ్వే అన్నావు కదరా!"

"ఆటలో అన్నాను లెద్దూ. తొడుగు చూడు, పచ్చగా ఉంది. మీ లాబువోళ్ళు ఇచ్చిందే. నువ్వే నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు?"

తమ్ముడు చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. పిల్లని పక్కింట్లో అప్పగించి ఆమె పెదజాలారిపేటకి ఆటో ఎక్కింది.

ఎర్రన్న ఇంటిముందు ఆయన అప్ప అని పిలిచే అక్క పోలమ్మ చేపలు ఎండేసుకుంటోంది. మొగుడు సముద్రంలో పోయినప్పటినుంచీ తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. తమ్ముడు పెళ్ళి చేసుకోలేదు. ఒకరికొకరు వండిపెట్టుకుంటూ ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

"రా తల్లీ, కూకో. టీ ఎడతాను," అంది పోలమ్మ.

గౌరి లోపలికెళ్ళి వచ్చిన పని రెండు ముక్కల్లో చెప్పేసరికి ఎర్రన్న ముఖంలో నెత్తురుచుక్క లేదు. టీ వద్దని ఆమెని పడవల చాటుకి తీసుకుపోయాడు.

"గట్టిగా గుంజితేనే గదా తెరుసుకున్నాది?"

"అవును మేస్త్రిగారూ."

"అయితే అదే." ఆయన తన కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకున్నాడు. "మా బావ గురయ్య. కింద గొలుసు కోస్తన్నాడు. అది తెగి ఆడిని ఈడ్సుకుపోనాది. తాడు ఒక్క గుంజు గుంజినాది తల్లీ. నాను పడవ అంచుదాకా జారిపోనాను. ఇంకొక్క అడుగుంటే నానూ నీళ్ళలోకే. అప్పుడు ఈ సెయ్యి తెరుసుకున్నాది. నాను తెరిసేనో, అదే తెరుసుకున్నాదో ఇప్పటికీ తెల్దు."

"పోలమ్మగారికి..."

"తాడు తెగిపోనాదని సెప్పేను. తాడు కొస రాయి మీద కొట్టి కొట్టి పీసులు సేసేను, తెగినట్టు కనబడాలని. ఆ తాడు ముక్క అప్ప దాసుకున్నాది. మొగుడు గుర్తని. ఆ తరవాతెప్పుడూ పడవ మీది ఇనప గుంజకి నాలుగు సుట్లు సుట్టకుండా తాడు పట్టలేదు నాను. మేస్త్రికి జాగర్త ఎక్కువనుకున్నారు. డాక్టరమ్మ పరీచ్చలో తాడు లాగి సూసి కనిపెట్టీసినాది."

తొడుగు చేతిని రాసుకుంది గానీ ఆ నాలుగు చుట్లని రాసుకోలేదు. మేస్త్రి భయం నలభైమందికి చేరింది, మేస్త్రి జాగ్రత్త చేరలేదు.

"ఆ గమనిక తెరవనివ్వండి మేస్త్రిగారూ. రేపు మా ఆయన తాడు మా తమ్ముడు పడుతున్నాడు."

ఎర్రన్న రెండు చేతులూ జోడించాడు. "మీ తమ్ముడికి ఒక్కడికీ సెప్పుకో తల్లీ, నాను కాదన్ను. అందరికీ తెరవొద్దు. ఈ పేటలోనే ఆ సెయ్యి ఎక్కించుకున్నోలు ఆరుగురున్నారు. తెల్లారేసరికి అప్ప సెవిన పడతాది. నివ్వు మాటిచ్చేవు."

తమ్ముడికి ఒక్కడికీ చెప్పడానికి గౌరి చెయ్యని ప్రయత్నం లేదు. దేముడి ఫోను పడవ ఎక్కగానే మూగబోయింది. పని ఒప్పుకున్న కంపెనీవాడికి ఫోను చేస్తే, "పచ్చలైటు ఉన్న మనిషినే పంపామండి. గమనికలు లేవని మీవాళ్ళే ఇచ్చారు కదా. ఆడవాళ్ళ గాభరాకి వైర్‌లెస్‌లో పని ఆపించలేను," అని పెట్టేశాడు. సముద్రంలో ఉన్న దేముడికి చేరేది ఉపగ్రహంతో మాట్లాడే తొడుగు ఒక్కటే. తొడుగు మీద కనబడేవి గమనికలే. గమనిక రాసే అధికారం గౌరికి లేదు. శారదాంబగారికి ఫోను చేసింది.

"దేముడి కొమ్మ మీద ఒక్క ముక్క రాయండి మేడమ్. తాడు గుంజితే ఈ చెయ్యి తెరుచుకుంటుంది అని. ఇంకేం వద్దు."

"కొమ్మ మీద రాసింది అందరికీ కనబడుతుంది. ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే? దేముడు పుట్టుకతో తెచ్చుకున్నాడని రాయమంటావా?" శారదాంబగారి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "అది ఎర్రన్న నుంచి వచ్చింది. ఎర్రన్న చెయ్యి తాడు వదులుతుందంటే ఎవరి తాడు వదిలిందో రేవులో చిన్నపిల్లాడు కూడా చెప్పేస్తాడు. హెచ్చరికా రహస్యమూ ఒకటే వాక్యమమ్మా. సగం తెరవడం కుదరదు. బుధవారం కమిటీ ఉంది, అక్కడ పెడతాను."

"రేపు సోమవారం మేడమ్!"

"తెలుసు. మాట ఇచ్చింది నువ్వొక్కదానివే కాదు, నేనూ ఇచ్చాను."

ఫోను పెట్టాక గౌరి కాలుగాలిన పిల్లిలా గదుల్లో తిరిగింది. ఆ వాక్యాన్ని పదిరకాలుగా మార్చి చూసింది. పేరు తీసేసింది, కారణం తీసేసింది, సంవత్సరం తీసేసింది. ఎంత కోసినా చివరికి ఒక చెయ్యీ ఒక తాడూ మిగిలేవి. ఆ రెండూ చాలు, పోలమ్మకి అర్థం కావడానికి. ఆమె రాసిన నియమాన్ని ఆమె ఎత్తెయ్యగలదు. అడ్డుపడే అధికారి లేడు. అడ్డుపడుతున్నది పడవల చాటున జోడించిన ఆ రెండు చేతులే. ఇంకా టైముంది, పొద్దున్న దిగేలోపు చూద్దాం, ఈలోగా తమ్ముడి ఫోను కలుస్తుందేమో అనుకుంది. భయపడ్డవాళ్ళు చెప్పుకునే అబద్ధాలన్నీ వరసగా చెప్పుకుంది.

తెల్లారింది. లిఖిత లేచి, బొప్పి తడుముకుంటూ, "నాన్న నీళ్ళలోకి దిగిపోయాడా అమ్మా?" అని అడిగింది.

గౌరి లాప్‌టాప్ ముందు కూర్చుంది. మేస్త్రిగారూ నన్ను క్షమించండి అని పైకే అంది. నియమం ఎత్తేసింది. దేముడి పేరు పక్కన పచ్చచుక్క ఎర్రగా మారింది. దాని కింద రెండేళ్ళుగా తాను దాచిన వాక్యం మొదటిసారి చదివింది: 'తాడు ఒక్కసారిగా బలంగా గుంజితే ఈ చెయ్యి తెరుచుకుంటుంది. తోటిమనిషి తాడు వదిలిన తర్వాత స్థిరపడిన అలవాటు.' కొమ్మ తర్వాత కొమ్మ, చుక్కలన్నీ ఎర్రబడ్డాయి. ఇక వాటిని మళ్ళీ పచ్చగా మార్చినా దాగేదేమీ లేదు.

పనిపడవ ఒడ్డు వైపు తిరిగి సిగ్నల్ అందాక, మధ్యాహ్నానికి గానీ దేముడి ఫోను రాలేదు. గౌరి 'హలో' అనకముందే అడిగింది. "మీ బావ?"

"బాగున్నాడు. బట్టలు మార్చుకుంటన్నాడు."

ఆమె ఏడ్చేసింది. దేముడు గొంతు తగ్గించి చెప్పాడు. తొడుగు ఎర్రబడేసరికి బావ నీళ్ళలోనే ఉన్నాడు. తను అది చదివి, తాడు మిగతా కొస పడవ మీది ఇనుపగుంజకి చుట్టి ముడేశాడు. ముడి బిగించాడో లేదో, కోసిన వల ఓడ కదలికకి ఒక్కసారిగా జారి, బావ కాలికి చుట్టుకుని లాగేసింది.

"ఈ చెయ్యి వదిలీసిందక్కా. బావ తాడు వదిలీసాను నేను. ముడి ఆపింది. ముడే లేకపోతే... మిగతావోళ్ళు చూడలేదు. గుంజకి కట్టడం పనికొచ్చిందని బావ నన్ను మెచ్చుకుంటన్నాడు. అక్కా, బావకి చెప్పకే. ఆ సంగతి నా కొమ్మ మీద రాయించకే. ఎలాగోలా మూసీ. నీకు చేతనవును కదా."

గౌరి తర్వాత మాట్లాడతానని పెట్టేసి, ముందు పెదజాలారిపేటకి వెళ్ళింది. మాట తప్పిన మనిషి ముఖం చూపించాలి కదా.

ఎర్రన్న ఇంటిముందు ఇవాళ చేపలు ఎండేసి లేవు. మేస్త్రి గోడకి ఆనుకుని నేలమీద ఉన్నాడు, తల ఎత్తలేదు. పోలమ్మ గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళో పీచులు లేచిన పాత తాడు ముక్క. పేటలో కుర్రాళ్ళ తొడుగులు పొద్దున్నే ఎర్రబడ్డాయి. గౌరి కంటే ముందే కబురు వచ్చేసింది.

"నేనే తెరిచానమ్మా," అంది గౌరి. "మేస్త్రిగారికి ఇచ్చిన మాట తప్పాను. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"మీ ఆయన బతికినాడా?"

"బతికాడు. మా తమ్ముడి చెయ్యి వదిలేసింది. ముడి ఆపింది."

"మీ తమ్ముడు మీ ఆయనకి సెప్పేడా, వదిలీసినానని?"

గౌరి తల అడ్డంగా ఊపింది. "చెప్పొద్దని బతిమాలుతున్నాడు. మూసేయమంటున్నాడు."

పోలమ్మ తాడు ముక్కని వేళ్ళ మధ్య నలిపింది. ఏడుపు లేదు ఆ ముఖంలో. అంతకంటే కష్టంగా ఉంది చూడటానికి.

"పేణం మీదకొస్తే ఎవుడైనా వదుల్తాడు తల్లీ. ఆ పొద్దే సెప్పుంటే నాలుగు తిట్టుండును, గుండెలు బాదుకునుండును, ఆడితో మాటలు మానీసి మళ్ళీ ఎప్పుడో కలుసుండును. గురయ్య మీద ఏడుపు నాకు ఎప్పుడో ఆరిపోనాది. ఈడు రోజూ రెండు పూటలా నా ఎదర కూకుని, నాను ఎట్టిన కూడు తల దించుకు తిన్నాడు. అప్ప మీద పేమనుకున్నాను, గౌరవమనుకున్నాను. ఆ తిన్న పూటలన్నీ ఇప్పుడు నాను ఏం సేసుకోను?"

ఎర్రన్న గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. పోలమ్మ అటు తిరగలేదు.

"ఎల్లు. నాతోటి మాటలెందుకు నీకు? మీవోడి సేత సెప్పించు. ఇయ్యాల కూడు తినకముందే సెప్పించు."

గౌరి వీధిలోకి వచ్చింది. తమ్ముడి నంబరు కలిపింది.

"బావ భోజనం అయిందిరా?"

"అవుతోంది. నాకూ పెట్టారు. ఏం అక్కా, మూసీగలవా?"

"మూయను. నీ చెయ్యి నా మొగుడి తాడు వదిలిందని నీ కొమ్మ మీద నేనే రాయిస్తాను. అది చదివి తెలుసుకోకూడదు మీ బావ. ఇప్పుడే, నీ నోటితో నువ్వే చెప్పు."

"బావ ఇంక నన్ను తాడు పట్టనివ్వడక్కా."

"పట్టనివ్వకపోవచ్చు. కంచం పక్కన పెట్టి వెళ్ళు. నేను ఫోన్లోనే ఉంటాను."

అవతల పడవ ఇంజను చప్పుడు వినిపించింది. కంచం చెక్క మీద పెట్టిన శబ్దం, ఆ తర్వాత అడుగులు. గౌరి ఫోను చెవికి అదిమి పెట్టి, ఎండలో, ఎవరి ఇంటి గోడకో ఆనుకుని నిలబడింది. దేముడి గొంతు దూరంగా, పగిలిపోతూ, "బావా, నీతో ఒక మాట," అంది.